మ్యాప్‌పై పెద్ద వృత్తం కనిపిస్తే భయపడాలా? చూసే ముందు ఇవి తెలుసుకోండి

వానాకాలంలో డెంగీ కేసులు, వేసవిలో వడదెబ్బలు, ఏడాది పొడవునా రోడ్డు ప్రమాదాలు.. ఎక్కడ ఎన్ని అన్నది చెప్పడానికి వార్తల్లో, ప్రభుత్వ వెబ్‌సైట్లలో మ్యాప్‌పై వృత్తాలు గీసి చూపిస్తుంటారు. సంఖ్య ఎక్కువ ఉన్నచోట పెద్ద వృత్తం, తక్కువ ఉన్నచోట చిన్న వృత్తం. వీటిని అనుపాత గుర్తులు అంటారు. ఫోన్‌లో ఒక్క క్షణం చూసి ‘మా ఏరియాలో పరిస్థితి బాగాలేదు’ అనుకునే ముందు, ఆ వృత్తం వెనకున్న లెక్క ఏమిటో చూద్దాం.

రంగులు వేస్తే సరిపోదా?

2011 జనగణన నాటికి ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా విస్తీర్ణం 16 వేల చదరపు కిలోమీటర్ల పైనే. జనాభా సుమారు 27 లక్షలు. హైదరాబాద్ జిల్లా విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లే అయినా జనాభా సుమారు 39 లక్షలు. జిల్లాలకు రంగులు వేసి జనాభా చూపిస్తే కంటికి ముందు ఆనేది ఆదిలాబాదే. హైదరాబాద్ చుక్కలా మిగిలిపోతుంది. వృత్తాలు గీస్తే ఈ చిక్కు ఉండదు. నేల ఎంత ఉన్నా, సంఖ్యను బట్టే గుర్తు పరిమాణం ఉంటుంది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఐర్లాండ్ రైల్వే కమిషన్ కోసం హెన్రీ హార్నెస్ 1837లో తయారుచేసిన మ్యాప్‌లో పట్టణాల జనాభాను వృత్తాలతో చూపించారు. ఏ ప్రాంతం నుంచి పారిస్‌కు ఎంత మాంసం వస్తోందో ఫ్రాన్స్ ఇంజినీర్ చార్ల్స్ మినార్ 1858లో ఇలాగే గీశారు.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

2011లో విశాఖపట్నం నగర జనాభా దాదాపు 17 లక్షలు, హైదరాబాద్ నగర జనాభా దాదాపు 68 లక్షలు. అంటే నాలుగు రెట్లు. విశాఖకు 5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే హైదరాబాద్‌కు ఎంత ఉండాలి? 20 అనుకుంటే పొరపాటే. 10 ఉండాలి.

ఎందుకంటే మన కన్ను చూసేది వృత్తం వైశాల్యాన్ని. స్కూల్లో చదువుకున్న ‘పై ఆర్ స్క్వేర్’ సూత్రం ప్రకారం వ్యాసార్ధం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లు అవుతుంది. అందుకే సంఖ్యకు వర్గమూలం తీసుకుని, దాన్ని బట్టి వ్యాసార్ధం నిర్ణయించాలి. నేరుగా 20 మిల్లీమీటర్లు తీసుకుంటే వైశాల్యం 16 రెట్లు అవుతుంది. అప్పుడు హైదరాబాద్‌లో రెండున్నర కోట్లకు పైగా జనం ఉన్నట్టు కనిపిస్తుంది. పక్కన రాసిన అంకె సరైనదే, బొమ్మ చెప్పేది మాత్రం అబద్ధం.

లెక్క సరిగ్గా వేసినా ఇంకో సమస్య ఉంది. పెద్ద వృత్తాలను మనం ఉన్నదానికంటే కాస్త తక్కువగా అంచనా వేస్తాం. దీన్ని సరిచేయడానికి పెద్ద వృత్తాలను కొంచెం పెంచి గీసే పద్ధతిని జేమ్స్ ఫ్లానరీ సూచించారు. ఆ లెక్కన పై ఉదాహరణలో 10 బదులు సుమారు 11 మిల్లీమీటర్లు వస్తుంది. అందరూ దీన్ని పాటించరు.

పెద్ద వృత్తమంటే పెద్ద ముప్పేనా?

కాకపోవచ్చు. 10 లక్షల జనాభా ఉన్న నగరంలో 500 కేసులు, 50 వేల మంది ఉన్న పట్టణంలో 100 కేసులు వచ్చాయనుకుందాం. మ్యాప్‌పై నగరం వృత్తమే పెద్దది. కానీ లక్ష మందికి లెక్కేస్తే నగరంలో 50, పట్టణంలో 200. దోమల నివారణ సిబ్బందిని వృత్తాలు చూసి మాత్రమే పంపితే, నాలుగు రెట్లు ముప్పున్న పట్టణం వెనకబడిపోతుంది.

కాలం కూడా ముఖ్యమే. 2020 జనవరిలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ మొదలుపెట్టిన కొవిడ్ మ్యాప్‌లోని ఎర్రటి వృత్తాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అవి మొదటి నుంచి నమోదైన మొత్తం కేసులను చూపేవి. మొత్తానికి గీసిన వృత్తం పెరుగుతుందే తప్ప, వ్యాధి తగ్గుముఖం పట్టినా చిన్నది కాదు.

మ్యాప్ చూసేటప్పుడు ఏం గమనించాలి?

• మూలన ఉండే సూచిక చూడండి. ఏ పరిమాణం ఎంత సంఖ్యకు సమానమో అందులో ఉంటుంది. అది లేకపోతే వృత్తాలను పోల్చి నిర్ణయానికి రావద్దు.

• సూచికలో ఒక సంఖ్య మరోదానికి నాలుగు రెట్లుంటే, దాని వృత్తం అడ్డంగా రెండింతలే ఉండాలి. నాలుగింతలుంటే ఆ మ్యాప్ తేడాను పెంచి చూపిస్తున్నట్టే.

• చూపినది మొత్తం సంఖ్యా, లక్ష మందికి ఎన్ని అన్న లెక్కా?

• ఈ వారానివా, ఏడాది మొదటి నుంచి ఉన్నవా?

• కొన్ని యాప్‌లు దగ్గరదగ్గరగా ఉన్నవాటిని కలిపి ఒకే వృత్తంగా చూపిస్తాయి. జూమ్ చేసి చూస్తే మీ ఏరియా లెక్క విడిగా తెలుస్తుంది.

ఇలాంటి మ్యాప్‌ను కాలనీ వాట్సాప్ గ్రూపులో పంపాల్సి వస్తే, సూచిక, తేదీ కత్తిరించకుండా స్క్రీన్‌షాట్ తీయండి.