ఇండియన్ ఓపెన్ (గోల్ఫ్)

ఇండియన్ ఓపెన్ భారతదేశపు జాతీయ ఓపెన్ గోల్ఫ్ పోటీ. ఇది 1964లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో ప్రారంభమైనది. 2014లోనూ, కోవిడ్ కారణంగా 2020 నుండి 2022 వరకూ తప్ప ఏటా జరిగి, 2025 నాటికి 58 పోటీలు పూర్తి చేసుకున్నది. 2005 నుండి హీరో సంస్థ పేరు ముందు చేర్చి వ్యవహరిస్తున్నారు. మొదటి 27 పోటీలలో ఒకే ఒక్క భారతీయుడు విజేత కాగా, 1991 నుండి 2017 వరకు జరిగిన 26 పోటీలలో పన్నెండింటిని భారతీయులే గెలిచారు. ఈ మార్పు తెచ్చినవారిలో ఎక్కువమంది క్లబ్బు సభ్యులు కారు. ఆ సభ్యుల సంచులు మోసిన క్యాడీలు. ఈ పోటీ చరిత్రలో ప్రధానంగా గమనించవలసిన విషయం ఇదే.

"ఓపెన్" అంటే ఏమిటి

గోల్ఫ్‌లో ఆటగాళ్ళు రెండు రకాలు. డబ్బు తీసుకోకుండా ఆడేవారు అమెచ్యూర్లు, ఆటనే వృత్తిగా చేసుకున్నవారు ప్రొఫెషనల్స్. ఈ ఇరువర్గాల వారికీ ప్రవేశం ఉన్న పోటీని ఓపెన్ అంటారు. అమెచ్యూరు గెలిస్తే కప్పు అతనిది, నగదు బహుమతి మాత్రం అతనికి చెందదు.

పోటీ నాలుగు రోజులు జరుగుతుంది. రోజుకు 18 గుంతల చొప్పున మొత్తం 72 గుంతలు ఆడాలి. బంతిని అన్ని గుంతలలోనూ వేయడానికి ఎవరు తక్కువ దెబ్బలు వాడితే వారే విజేత. క్రికెట్‌కు అలవాటుపడినవారికి తక్కువ స్కోరు గెలవడం మొదట వింతగా తోస్తుంది. రెండు రోజుల ఆట ముగిశాక వెనుకబడినవారిని తొలగిస్తారు. దీనిని "కట్" అంటారు. చివర ఇద్దరు సమానంగా నిలిస్తే అదనపు గుంతలు ఆడించి విజేతను తేలుస్తారు. ఇది "ప్లే ఆఫ్".

క్యాడీ అంటే ఆటగాని కర్రల సంచి మోసే సహాయకుడు. నియమాల ప్రకారం సంచిలో 14 కర్రల వరకు ఉండవచ్చు. సంచి మోయడంతోనే అతని పని తీరదు. గుంత ఎంత దూరంలో ఉన్నదీ, గాలి ఎటు వీస్తున్నదీ, పచ్చిక ఎటు వాలి ఉన్నదీ చెప్పవలసినవాడు అతడే. ఏళ్ళ తరబడి ఒకే మైదానంలో తిరిగే క్యాడీకి అక్కడి ప్రతి చెట్టూ ప్రతి మిట్టా తెలిసి ఉంటుంది. సభ్యుల కంటే అతనికే మైదానం బాగా తెలుసు అనడం అతిశయోక్తి కాదు.

నేపథ్యం

భారతదేశానికి గోల్ఫ్ బ్రిటిషు వారితో వచ్చినది. 1829లో స్థాపించిన కలకత్తా క్లబ్బు (నేటి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్) బ్రిటిషు దీవుల వెలుపల ఉన్న గోల్ఫ్ క్లబ్బులలో అతి ప్రాచీనమైనది. అమెచ్యూర్ల జాతీయ పోటీ 1892లోనే మొదలైనది. అంటే ఓపెన్ పోటీ రావడానికి 70 ఏళ్ళకు ముందే మన దేశంలో గోల్ఫ్ పోటీల సంప్రదాయం ఉన్నది; కాని అది అధికారులకు, సంస్థానాధీశులకు, వ్యాపార కుటుంబాలకు పరిమితమైన సంప్రదాయం. క్రీడను నిర్వహించే ఇండియన్ గోల్ఫ్ యూనియన్ 1955లో ఏర్పడినది.

పీటర్ థామ్సన్

జాతీయ ఓపెన్ ఆలోచనకు ఊతమిచ్చినవాడు ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ థామ్సన్. ప్రపంచంలోని గోల్ఫ్ పోటీలలో అత్యంత పురాతనమైన బ్రిటిషు ఓపెన్‌ను ఆయన 1954, 1955, 1956, 1958, 1965లలో అయిదుసార్లు గెలిచాడు. ఆసియాలో గోల్ఫ్ వ్యాపించాలని కోరుకున్న ఆయన భారతీయ నిర్వాహకులను ప్రోత్సహించడమే కాక, 1964లో స్వయంగా వచ్చి ఆడి తొలి విజేత అయినాడు. 1966లోనూ, పదేళ్ళ తరువాత 1976లోనూ మళ్ళీ గెలిచాడు. తరువాతి కాలంలో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బు మైదానాన్ని తిరిగి రూపొందించినది కూడా ఆయనే. 2018లో మరణించాడు.

1965: బిల్లూ సేథీ

రెండవ పోటీ 1965లో రాయల్ కలకత్తా క్లబ్బులో జరిగినది. విజేత పి. జి. సేథీ. అందరూ బిల్లూ సేథీ అని పిలిచేవారు. ఆయన అమెచ్యూరు. విదేశాల నుండి వచ్చిన ప్రొఫెషనల్స్‌ను ఒక అమెచ్యూరు ఓడించడం ఆనాడు సంచలనమే. ఇండియన్ ఓపెన్‌ను గెలిచిన అమెచ్యూరు నేటికీ ఆయన ఒక్కడే. తొలి భారతీయ విజేత కూడా ఆయనే.

ఈ విజయం తరువాత భారతీయులు వరుసగా గెలుస్తారని ఆశించడం సహజం. అలా జరగలేదు. మరో భారతీయుడు గెలవడానికి 26 ఏళ్ళు పట్టినది.

విదేశీ విజేతల కాలం

జపానుకు చెందిన కెంజీ హొసొయిషి 1967, 1968లలో వరుసగా రెండుసార్లు గెలిచాడు. 1969లో ఫిలిప్పీన్స్‌కు చెందిన బెన్ అర్దా విజేత. 1970ల నాటికి ఈ పోటీ ఆసియా గోల్ఫ్ సర్క్యూట్‌లో భాగమైనది. ఆటగాళ్ళు ఒక దేశం తరువాత మరొక దేశానికి వెళ్ళి వరుసగా జాతీయ ఓపెన్లు ఆడే ఏర్పాటు ఇది. దీనివల్ల ఆస్ట్రేలియా, తైవాన్, అమెరికా ఆటగాళ్ళు ఏటా వచ్చేవారు. ఆస్ట్రేలియా వారైన గ్రాహం మార్ష్ (1971, 1973), బ్రయాన్ జోన్స్ (1972, 1977) చెరి రెండుసార్లు గెలిచారు. ఆ తరువాత అమెరికన్ల వంతు వచ్చినది. 1981 విజేత పేన్ స్టీవర్ట్ అప్పటికి పెద్దగా పేరు లేని యువకుడు. స్వదేశంలో స్థానం సంపాదించలేక ఆసియాకు వచ్చి ఆడుతున్నాడు. తరువాత ఆయన 1991, 1999లలో అమెరికా ఓపెన్‌ను గెలిచి ప్రపంచ ప్రఖ్యాతి పొందాడు. 1999లోనే విమాన ప్రమాదంలో మరణించాడు.

ఈ కాలమంతా భారతీయ ప్రొఫెషనల్స్ ఆడుతూనే ఉన్నారు. అయితే వారిలో అనేకులు క్లబ్బులలో క్యాడీలుగా చేరి, ఆట చూసి నేర్చుకొన్నవారు. కర్రలు ఖరీదైనవి, శిక్షకులు, విదేశీ అనుభవం అందనివి. సంపన్న కుటుంబాల వారు అమెచ్యూర్లుగానే ఉండిపోయేవారు. అందుచేత ఆటనే జీవనాధారంగా ఎంచుకున్నవారు ఎక్కువగా సౌకర్యాలు లేనివారే కావడం ఈ దేశపు గోల్ఫ్‌లోని విచిత్రం.

అలీ షేర్, ఆయన తరువాతివారు

1991లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో అలీ షేర్ విజేతగా నిలిచాడు. ఇండియన్ ఓపెన్‌ను గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ ఆయన. క్యాడీగా తాను తిరిగిన మైదానంలోనే ఆయన ఈ విజయం సాధించాడు. అక్కడి లోధీ కోర్సు దారులు ఇరుకైనవి. ఇరువైపులా దట్టమైన పొదలుంటాయి. నడుమ పాత సమాధి కట్టడాలు కనిపిస్తాయి. బంతిని ఎంత దూరం కొట్టగలరన్న దానికంటే ఎంత తిన్నగా కొట్టగలరన్నదే అక్కడ ముఖ్యం. దూరంగా కొట్టే విదేశీయుడు పొదల్లో బంతి వెతుక్కుంటున్నపుడు, ఎక్కడ ఏ కర్ర వాడాలో తెలిసిన స్థానికుడు దారి మధ్యలో నడిచిపోగలడు. ఆ ఏడాదే అలీ షేర్‌కు అర్జున పురస్కారం లభించినది. 1993లో ఆయన మళ్ళీ గెలిచి, మొదటిది అదృష్టవశాత్తూ వచ్చిన గెలుపు కాదని నిరూపించాడు.

1998లో కలకత్తాకు చెందిన ఫిరోజ్ అలీ మొల్లా, 2002లో లక్నోకు చెందిన విజయ్ కుమార్, 2009లో బెంగళూరుకు చెందిన సి. మునియప్ప గెలిచారు. ముగ్గురూ క్యాడీలుగా మొదలైనవారే. మునియప్ప గెలుపు ఎవరూ ఊహించనిది. గుర్గావ్‌లో కొరియాకు చెందిన లీ సుంగ్‌ను ప్లే ఆఫ్‌లో ఓడించేవరకు దేశం వెలుపల ఆయన పేరు తెలిసినవారు అరుదు.

విజేతలందరూ ఇదే దారిన వచ్చారనుకోరాదు. 1999 విజేత అర్జున్ అత్వాల్ 2010లో అమెరికా పీజీఏ టూర్ పోటీ గెలిచిన తొలి భారతీయుడు. జ్యోతి రంధావా, అనిర్బన్ లాహిరి సైనికాధికారుల కుటుంబాల నుండి వచ్చారు. కంటోన్మెంట్లలోని గోల్ఫ్ మైదానాలు ఈ దేశంలో ఆటకు మరొక తలుపు తెరిచాయి. రంధావా 2000, 2006, 2007లలో మూడుసార్లు గెలిచి థామ్సన్ రికార్డును సమం చేశాడు.

2013లో ఢిల్లీలో గెలిచిన సిద్దికుర్ రహమాన్ బంగ్లాదేశీయుడు. ఆయన కూడా ఢాకాలోని కుర్మిటోలా క్లబ్బులో బంతులు ఏరే బాలుడిగా చేరి, క్యాడీగా పనిచేసి ఆటగాడైనవాడే.

చౌరాసియా

శివ్ శంకర్ ప్రసాద్ చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా క్లబ్బులో పచ్చికను సంరక్షించే ఉద్యోగి. కొడుకు ఆ మైదానం పక్కనే పెరిగి, చూసి ఆట నేర్చుకున్నాడు. శిక్షకుడు లేడు. 2008లో ఢిల్లీలో జరిగిన ఇండియన్ మాస్టర్స్‌ను, 2011లో అవంతా మాస్టర్స్‌ను గెలిచాడు గాని, జాతీయ ఓపెన్ మాత్రం ఆయనకు అందకుండా పోయేది. 1999, 2006, 2013, 2015లలో నాలుగుసార్లు రెండవ స్థానంతో సరిపెట్టుకున్నాడు.

వీటిలో 2015 నాటిది అన్నిటికంటే బాధాకరమైనది. చివరి రోజు ఆట మొదలైనపుడు చౌరాసియా అనిర్బన్ లాహిరి కంటే ఏడు దెబ్బల ముందంజలో ఉన్నాడు. సాయంత్రానికి ఇద్దరూ సమానమయ్యారు. ప్లే ఆఫ్‌లో లాహిరి గెలిచాడు. మరుసటి ఏడాది, 2016లో, అదే ఢిల్లీ మైదానంలో చౌరాసియా విజేత. రెండవ స్థానం పంచుకున్న ఇద్దరిలో ఒకరు లాహిరి. 2017లో పోటీ గుర్గావ్‌కు మారినా ఏడు దెబ్బల తేడాతో గెలిచి టైటిల్ నిలబెట్టుకున్నాడు. ఆ ఏడాది అర్జున పురస్కారం పొందాడు.

యూరోపియన్ టూర్, కొత్త మైదానం

2015 నుండి ఈ పోటీకి ఆసియా టూర్‌తోపాటు యూరోపియన్ టూర్ గుర్తింపు కూడా లభించినది (యూరోపియన్ టూర్ తరువాత డీపీ వరల్డ్ టూర్‌గా పేరు మార్చుకున్నది). 2014 చివర జరగవలసిన పోటీ 2015 ఫిబ్రవరికి మారినందున 2014కు విజేత లేరు. బహుమతి మొత్తం 2017లో 17.5 లక్షల డాలర్లు. 2024 నాటికి 22.5 లక్షల డాలర్లకు చేరినది.

2017 నుండి వేదిక గుర్గావ్‌లోని డీఎల్ఎఫ్ క్లబ్బు. దక్షిణాఫ్రికా దిగ్గజం గ్యారీ ప్లేయర్ రూపొందించిన ఈ మైదానం లోతైన ఇసుక గుంతలకు, నీటి మడుగులకు ప్రసిద్ధి. 2019 పోటీ దీని స్వభావానికి మంచి ఉదాహరణ. స్కాట్లండ్‌కు చెందిన స్టీఫెన్ గాలాచర్ చివరి రోజు ఏడవ గుంతలో నాలుగు దెబ్బలు అదనంగా పోగొట్టుకున్నాడు. అంతటితో ఆయన ఆశ వదులుకోవలసినదే. కాని చివరి మూడు గుంతలలోనూ నిర్ణీత సంఖ్య కంటే ఒక్కో దెబ్బ తక్కువతో ముగించి, ఒక్క దెబ్బ తేడాతో కప్పు గెలిచాడు. ఆనాడు ఆయన క్యాడీ సొంత కుమారుడే.

2018లో ఇంగ్లండ్‌కు చెందిన మాట్ వాలెస్, కోవిడ్ విరామం తరువాత 2023లో జర్మనీకి చెందిన మార్సెల్ సీమ్, 2024లో జపానుకు చెందిన కెయిటా నకాజిమా, 2025లో స్పెయిన్‌కు చెందిన యుహెనియో చకర్రా విజేతలు. చౌరాసియా 2017 గెలుపు తరువాత 2025 పోటీ వరకు భారతీయుడెవరూ గెలవలేదు. 2024లో వీర్ అహ్లావత్ మరి ఇద్దరితో కలిసి రెండవ స్థానం పంచుకున్నాడు. నకాజిమాకు, వీరికి మధ్య తేడా నాలుగు దెబ్బలు.