విశాఖపట్నం పండుగలు, ఉత్సవాలు

ఓడరేవు 1933లో మొదలైంది. ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన 1971లో జరిగింది. విశాఖపట్నం పండుగల చరిత్ర మాత్రం ఈ రెంటికన్నా శతాబ్దాల పాతది. పంచాంగం ప్రకారం ఈ ఊరి ఏడాదికి కేంద్రం సింహాచలం. ఉత్తరాంధ్రలో అప్పలరాజు, అప్పలనరసమ్మ, సింహాచలం అన్న పేర్లు వినపడని వీధి ఉండదు. ఆ పేర్లన్నీ సింహాద్రి అప్పన్నవే.

అప్పన్న అని జనం పిలిచే, సింహాచలం కొండమీది వరాహ లక్ష్మీ నరసింహస్వామి ఆలయంలో దొరికిన తేదీ గల శాసనాల్లో అతి పాతది 1098-99 నాటిది. అది చోళరాజు కులోత్తుంగుని కాలం. ఒక భక్తుడు స్వామికి తోట దానం చేసిన సంగతి అందులో ఉంది. ఆ రోజుల్లో విశాఖనూ కులోత్తుంగచోళపట్నమనే పిలిచారు. ఇప్పుడు కనిపించే గుడిలో ఎక్కువ భాగం పదమూడో శతాబ్దంలో తూర్పు గాంగులు కట్టించింది. అందుకే నిర్మాణంలో కళింగ శైలి కనిపిస్తుంది. పూజావిధానంలో శ్రీవైష్ణవం పాదుకొంది. ధనుర్మాసంలో ఇక్కడ ముప్ఫై రోజులూ తమిళ తిరుప్పావై పాశురాలే వినిపిస్తాయి, భోగినాడు గోదాకల్యాణం జరుగుతుంది. తమిళనాడు పండుగల సొగసు చూడాలనుకునే యాత్రికుడికి ఆ నెల రోజులు ఈ కొండమీదే కొంత దొరుకుతుంది. కళింగ దండయాత్ర సమయంలో, 1516లో, శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి 991 ముత్యాల హారం సమర్పించినట్టు శాసనం చెబుతోంది. తర్వాతి కాలంలో విజయనగరం పూసపాటి వంశీకులు వంశపారంపర్య ధర్మకర్తలయ్యారు.

ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద పండుగ చందనోత్సవం. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ నాడు వస్తుంది. స్వామి ఉగ్రతను చల్లార్చడానికి ఏడాది పొడవునా గంధపు పూతలోనే ఉంచాలని పురూరవ చక్రవర్తికి ఆకాశవాణి చెప్పిందని స్థలపురాణం. ఆ పూతలో విగ్రహం శివలింగంలా కనిపిస్తుంది. ఈ ఒక్కరోజే వరాహ ముఖంతో, సింహపు తోకతో ఉన్న నిజరూప దర్శనం దొరుకుతుంది. ముందు వచ్చే చైత్ర అమావాస్యను గంధం అమావాస్య అంటారు. తీరం వెంబడి ఊళ్ల నుంచి మత్స్యకార కుటుంబాలు పెద్ద సంఖ్యలో అప్పుడు కొండకు వస్తాయి. బేడామండపంలో సానరాళ్ల మీద గంధం అరగదీయడం కొన్ని రోజుల ముందే మొదలవుతుంది. నీళ్లు చల్లుతూ చెక్కను రాస్తున్నకొద్దీ లేత పసుపు ముద్ద పేరుకుంటుంది, మండపమంతా గంధపు వాసన కమ్ముకుంటుంది. ఉత్సవం రోజు తెల్లవారకముందే వెండి బొరిగెలతో పాత పూతను నెమ్మదిగా ఒలుస్తారు. రాత్రి దర్శనాలు ముగిశాక కొండమీది గంగధార నుంచి శ్రీవైష్ణవస్వాములు తెచ్చిన నీళ్లతో సహస్ర ఘటాభిషేకం చేసి, మొదటి విడతగా మూడు మణుగుల గంధం అలదుతారు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మిగతా మూడు విడతలూ పూర్తవుతాయి. మొత్తం పన్నెండు మణుగులు, దాదాపు అర టన్ను.

2025 ఏప్రిల్ 30న ఈ ఉత్సవంలోనే కొండమీద భారీ వర్షానికి గోడ కూలి క్యూలో నిలుచున్న ఏడుగురు చనిపోయారు. ఒక్కరోజు దర్శనం కోసం లక్షల మంది వచ్చే చోట క్యూలైన్లు, గోడలు, వాననీటి కాలువలు కూడా పూజా ఏర్పాట్లంత ముఖ్యమైనవే.

చివరి విడత గంధానికి ముందురోజు, ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు, గిరిప్రదక్షిణ. కొండ పాదాన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి జనం చెప్పుల్లేకుండా బయల్దేరతారు. అడవివరం, హనుమంతవాక మీదుగా సాగరతీరం చేరి, అప్పూఘర్ వద్ద కొందరు సముద్రస్నానం చేస్తారు. అక్కడి నుంచి కంచరపాలెం, ఎన్ఏడీ కూడలి, గోపాలపట్నం దాటి తిరిగి కొండ పాదానికి వస్తారు. దారి 32 కిలోమీటర్లు. నగరం మొత్తం రాత్రంతా మేలుకునే ఉంటుంది. వీధి వీధికీ మజ్జిగ, పులిహోర పంచుతారు. విశాఖను ఒక్క రాత్రిలో తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి సందర్భం నాకు తోచదు.

పాతనగరంలో బురుజుపేట కనకమహాలక్ష్మిది మరో సంప్రదాయం. 1912లో బావిలో దొరికిన విగ్రహాన్ని వీధి మధ్యన పెట్టారు. 1917లో రోడ్డు వెడల్పు కోసం కదిపితే ప్లేగు ప్రబలిందనీ, తిరిగి పాతచోట నిలిపాక తగ్గిందనీ జనం నమ్మకం. అమ్మవారికి గోపురం లేదు, పైకప్పు లేదు. పూజారి మధ్యవర్తిత్వం లేకుండా ఎవరికి వారే పాలు పోసి, పసుపు కుంకుమలు అద్దుతారు. మార్గశిర గురువారాల్లో తెల్లవారుజాము నుంచే స్త్రీలు బారులు తీరతారు.

అదే చలికాలంలో, డిసెంబరు 4న నౌకాదళ దినం. 1971 యుద్ధంలో కరాచీ రేవుపై దాడికి గుర్తుగా దీన్ని జరుపుతారు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి దగ్గర్లోనే మునిగింది కాబట్టి ఈ ఊరికి ఆ యుద్ధంతో సొంత బంధం ఉంది. తూర్పు నౌకాదళం విన్యాసాలు ఇక్కడ జరిగినప్పుడు రామకృష్ణా బీచ్ కిక్కిరిసిపోతుంది. పర్యాటక శాఖ నిర్వహించే విశాఖ ఉత్సవ్ కూడా ఈ తీరానిదే. ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లు, అరకు గిరిజనుల థింసా నృత్యం ఒకే వేదిక మీద చూసే వీలు అందులో ఉంటుంది.

దసరా తర్వాత వచ్చేవారు విజయనగరం దాకా వెళ్లాలి. విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం. పొడవైన మాను చివర పూజారిని కూర్చోబెట్టి, గాల్లోకి లేపి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. 1757 బొబ్బిలి యుద్ధం తర్వాత హతుడైన విజయనగరం పాలకుడు విజయరామరాజు సోదరే పైడితల్లి అని స్థానికుల విశ్వాసం.