రోహిణి ఒడ్డు నుంచి పోఖ్రాన్ దాకా

1998 మే 11, వైశాఖ పున్నమి. విహారంలో వందన ముగించుకుని బయటికి వచ్చేసరికి వీధి మొగలో కుర్రాళ్లు టపాకాయలు కాలుస్తున్నారు. ఒకడు పరుగెత్తుకొచ్చి నా చేతిలో మిఠాయి పెట్టి, "అన్నా, మనం బాంబు పేల్చాం!" అన్నాడు. వాళ్లంతా మా వాడ పిల్లలే. మంచినీటి కుళాయి కావాలని అర్జీ రాసి, వాళ్ల ఇళ్లకే తిరిగి సంతకాలు పెట్టించుకుంటున్న రోజులవి. కుళాయి రాని ఇంట్లో బాంబు పండగ ఎలా అయింది? ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మన దేశం తొలి అణు పరీక్ష 1974 మే 18న రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో జరిపింది. దానికి 'నవ్వే బుద్ధుడు' అన్న పేరు స్థిరపడింది. అది బుద్ధ పూర్ణిమ రోజని ఇప్పటికీ చాలామంది రాస్తుంటారు. నిజానికి ఆ ఏడు వైశాఖ పున్నమి మే 6నే వెళ్లిపోయింది. తిథి కలవకపోయినా కరుణామూర్తి పేరు మాత్రం బాంబుకు అతికింది.

ఆనాటి పరిస్థితి గుర్తు చేసుకోవాలి. మే 8న మొదలైన రైల్వే సమ్మె ఇంకా నడుస్తోంది. వేలమంది కార్మికులు జైళ్లలో ఉన్నారు. ధరలు మండిపోతున్నాయి. పరీక్ష వార్త రాగానే పత్రికల మొదటి పేజీ మారిపోయింది. కానీ ఆ గర్వం ఎంతకాలం నిలిచింది? ధరల మీద, అవినీతి మీద ఆందోళనలు ఆగలేదు. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ వచ్చింది.

1998లోనూ ఇదే వరస. పరీక్షలు జరిగిన వెంటనే మహానగరాల్లో చేసిన ఒక సర్వేలో 91 శాతం మంది సమర్థించారు. పల్లెలను ఎవరూ అడగలేదు. పోఖ్రాన్ పక్కనే ఉన్న ఖేతొలాయి గ్రామస్తులు తమ ఇళ్ల గోడలు పగుళ్లిచ్చాయని మొరపెట్టుకున్నారు. మే 28న పాకిస్తాన్ కూడా చాగై కొండల్లో బాంబులు పేల్చింది. ఆరు నెలలు తిరక్కుండానే ఉల్లిగడ్డ ధర ఎన్నికల అంశమైంది. నవంబరులో ఢిల్లీలోనూ, పోఖ్రాన్ ఉన్న రాజస్థాన్‌లోనూ బీజేపీ ఓడింది. రాజస్థాన్‌లో 200 స్థానాలకు 153 కాంగ్రెస్‌కు వెళ్లాయి.

అంతటితో ప్రజలు మేల్కొన్నారని సంబరపడటానికి లేదు. రెండు దేశాల దగ్గరా బాంబు ఉంటే ఇక యుద్ధం రాదన్నారు. ఏడాది తిరిగేసరికి కార్గిల్ యుద్ధం వచ్చింది. మన సైనికులు 500 మందికి పైగా అమరులయ్యారు. ఆ వేడిలోనే 1999 ఎన్నికలు జరిగాయి. ఉల్లిగడ్డ ప్రస్తావన వెనక్కి పోయింది, అదే కూటమి మళ్లీ గెలిచింది. భయం ముందుకొస్తే ఆకలి వెనక్కి పోతుంది, ఆకలి ముందుకొస్తే భయం వెనక్కి పోతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించే తీరిక మాత్రం ప్రజలకు ఎవరూ ఇవ్వరు. 1962 నాటి అణుశక్తి చట్టంలోని 18వ సెక్షన్ ఈ రంగంలో సమాచారం బయటికి రాకుండా కట్టడి చేసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. తెలియని విషయం మీద ఏర్పడే అభిప్రాయం ఆవేశమే అవుతుంది.

బాబాసాహెబ్ ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టి చూపారు. 1951లో మంత్రి పదవికి రాజీనామా చేస్తూ ఇచ్చిన ప్రకటనలో, ఏటా వచ్చే 350 కోట్ల ఆదాయంలో 180 కోట్లు సైన్యానికే పోతున్నాయని లెక్క చెప్పి, అందుకు విదేశాంగ విధానాన్ని తప్పుపట్టారు.

'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఆయన సిద్ధార్థుని గృహత్యాగానికి చెప్పిన కారణం కూడా యుద్ధమే. రోహిణి నది నీళ్ల కోసం శాక్యులు, కోలియులు కొట్టుకున్నారు. శాక్య సంఘంలో సేనాపతి యుద్ధ తీర్మానం పెట్టాడు. సిద్ధార్థుడు వ్యతిరేకించాడు. తప్పు రెండు వైపులా ఉందేమో విచారిద్దామన్నాడు. ఓటింగులో ఘోరంగా ఓడిపోయాడు. యుద్ధంలో చేరనని చెప్పి, పరివ్రాజకుడై దేశం విడిచాడు. ఈ కథ మనకందరికీ తెలుసు. తర్వాతి భాగాన్నే మరిచిపోతుంటాం. ఆయన వెళ్లాక స్త్రీలు, పురుషులు, పిల్లలు సైతం యుద్ధం వద్దంటూ ఊరేగింపులు తీశారు. సంఘం మళ్లీ సమావేశమై శాంతికే మొగ్గు చూపింది. నీటి తగాదా మధ్యవర్తుల ముందుకు వెళ్లింది.

అంటే మొదటి ఓటే ప్రజల చివరి మాట కాదు. ఒక్కడు కాదని నిలబడినందువల్లే రెండో సమావేశం సాధ్యమైంది. యుద్ధ వార్త వచ్చిన రోజున మన విహారాలు చేయగల పని ఇదే. ఎవరినీ దేశద్రోహి అనకుండా, మనల్ని అననివ్వకుండా, నిదానంగా లెక్క అడగాలి: ఎంత ఖర్చు, ఎవరి ప్రాణం, ఎవరి నీళ్లు?

మిఠాయి పెట్టిన ఆ కుర్రాడితో ఆ రాత్రి నేను వాదించలేదు. మర్నాడు అర్జీ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. రోహిణి కథ చెప్పాను. అర్జీ మీద సంతకం పెడుతూ, "అక్కడా నీళ్ల గొడవేనా అన్నా?" అని అడిగాడు.