నాలుగు మూలల పాట

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర కడపలో బంగళా కొని, పండితులకు సొంత సొమ్ముతో జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి సరిపోల్చి చూడమన్న కథ మన బ్లాగు మిత్రులకు చెప్పనక్కరలేదు. ఒక ప్రతిలో ఉన్న పద్యం ఇంకొకదానిలో ఉండదు. ఉన్నచోట కూడా ఒక మాట తేడా. అది కవి స్వయంగా దిద్దుకున్నదో, వ్రాయసకాడు నిద్రమత్తులో జారవిడిచినదో తేల్చాలి. ఈ పాఠాంతరాల బెడద తాటాకుల కాలంతోనే తీరిపోయిందని నేను చాలాకాలం నమ్మాను. యంత్రం అచ్చుగుద్దిన గ్రామఫోను రికార్డుకు పాఠాంతరం ఎక్కడినుంచి వస్తుంది?

పాత సామాన్ల అంగట్లో కొన్న ఒక ఎల్పీ రికార్డు ఆ నమ్మకాన్ని చెరిపేసింది. నాకు నోటికి వచ్చిన ఆల్బమే అది. అట్ట చుట్టూ బంగారు రంగు అంచు ముచ్చటగా ఉంటే కొన్నాను. ఇంటికి తెచ్చి ముల్లు పెట్టగానే ఏదో తేడా తోచింది. ఎడమన ఉండవలసిన వాద్యం మధ్యకు వచ్చింది, ఎన్నడూ వినని గిటారు ఒకటి వెనకనుంచి పలికింది. రికార్డు పాడైపోయిందనుకుని అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను. అట్ట మీద ఒక మూల ‘క్వాడ్రాఫోనిక్’ అన్న మాట అప్పటికింకా నా కంట పడలేదు.

క్వాడ్రాఫోనిక్ అంటే నాలుగు ధారల ధ్వని. గదిలో ముందు రెండు స్పీకర్లు, వెనక రెండు. నాలుగింటికీ వేరువేరు ధ్వని, నడుమ శ్రోత. 1969లో అమెరికాలో వాన్‌గార్డ్ సంస్థ ఇటువంటి సంగీతాన్ని రీలు టేపుల మీద అమ్మకానికి పెట్టింది. మరుసటి ఏడు ఆర్‌సీఏ సంస్థ దానిని కార్లలో పెట్టుకునే కార్ట్రిడ్జిలలోకి దింపింది. టేపు మీద నాలుగు ధారలు పట్టడం తేలిక, నాలుగు దారులు గీస్తే సరి. చిక్కంతా రికార్డుతోనే. గాడికి గోడలు రెండే. రెండు గోడల మీద నాలుగు ధారలను ఎక్కించడమెలా?

దీనికి రెండు తెగల వారు రెండు జవాబులు చెప్పారు. మొదటి తెగ వెనకటి రెండు ధారలనూ కొంత మెలిపెట్టి ముందటి రెండింటిలోనే కలిపేసింది. ఈ దారిని తొలుత పట్టినవారిలో పీటర్ షైబర్ అనే ఆయన బాసూన్ వాద్యకారుడు కావడం నాకు ముచ్చటగా తోస్తుంది. సీబీఎస్ సంస్థలో బెంజమిన్ బాయర్ బృందం రూపొందించిన ఎస్‌క్యూ, జపానులో సాన్‌సూయి సంస్థవారి క్యూఎస్ ఈ తెగవే. శ్రోత ఇంట్లో ఉండే డీకోడరు అనే పెట్టె కలిసినదాన్ని మళ్ళీ విడదీయాలి. కలపడం ఎవరికైనా చేతనవును, విడదీయడానికి హంస కావాలి. 1970ల మొదట్లో మామూలు ఇళ్ళకు చేరిన డీకోడర్లలో హంస లక్షణం బహు స్వల్పం. వెనక వినబడవలసిన గాయకుడు సగం ముందుకు కారేవాడు.

రెండో తెగ జపానులోని జేవీసీ సంస్థది. దాని పేరు సీడీ-4. మన సీడీకీ దీనికీ చుట్టరికమేమీ లేదు. ముందువెనకల మొత్తాన్ని మామూలు ధ్వనిగా చెక్కి, వాటి నడుమ భేదాన్ని 30 కిలోహెర్ట్జ్ వాహక తరంగం మీద ఎక్కించి అదే గాడిలో చెక్కారు. మనిషి చెవికి అందేది 20 కిలోహెర్ట్జ్ వరకే. కనుక ఆ రికార్డులో మనకు వినబడని, యంత్రానికి మాత్రమే తెలిసే రహస్య లిపి ఒకటి ఉందన్నమాట. దాన్ని చదవడానికి నోరియో షిబాటా అనే ఇంజనీరు ప్రత్యేకమైన ముల్లునే మలిచాడు. ఆ ముల్లు ఈనాటికీ ఆయన పేరుతోనే చలామణీలో ఉంది.

ఈ యంత్రాల గొడవ ఇంతటితో చాలు. సంగీతానికి దీనివల్ల ఒరిగిందేమిటి?

కొన్ని రచనలకు నిజంగానే నాలుగు దిక్కులు కావాలి. బెర్లియోజ్ 1837లో ప్రదర్శించిన ‘రెక్వియమ్’లో నాలుగు ఇత్తడి వాద్య బృందాలు నాలుగు మూలల నుంచి మోగుతాయి. పియర్ బులెజ్ న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో బార్తోక్ ‘కాన్చెర్టో ఫర్ ఆర్కెస్ట్రా’ను రికార్డు చేసినప్పుడు వాద్యకారులను తన చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు. వినేవాడు వెళ్ళి బులెజ్ నిలుచున్న చోట నిలుచున్నట్టే. ఇవి న్యాయమైన ప్రయోగాలు.

రాక్ సంగీతం సంగతి వేరు. అది ముందే స్టీరియోలో వచ్చి, లక్షల ఇళ్ళలో మోగి, స్థిరపడిపోయిన పాఠం. దాన్ని నాలుగు మూలలకు పంచాలంటే పూర్తయిన స్టీరియో టేపు పనికిరాదు. ఒక్కొక్క వాద్యం ఒక్కొక్క వరుసలో ఉన్న 8 ట్రాకుల, 16 ట్రాకుల మూల టేపుల దగ్గరికి వెళ్ళి, కూర్పును మొదటినుంచి మళ్ళీ చేయాలి. స్టీరియో కూర్పు వేళ కళాకారులు పక్కన కూర్చుని వారాల తరబడి తగవులాడుకున్నారు. క్వాడ్ కూర్పు చాలాసార్లు సంస్థలోని ఇంజనీరు ఒక్కడి చేతిలో, గడువు ఒత్తిడిలో జరిగిపోయింది. మూల టేపులో మూగవోయి పడి ఉన్న తంత్రీవాద్యం అతని చేతిలో మేల్కొంటుంది. స్టీరియో కూర్పు సమయంలో అప్పటికప్పుడు జోడించిన ప్రతిధ్వని మూల టేపులో లేదు గనుక మాయమవుతుంది. మూడో నిమిషంలో సన్నగిల్లవలసిన పాట ఇంకో పది లెక్కించేదాకా సాగుతుంది. ఇంతకన్నా చక్కని వ్రాయసకాడు ఎక్కడ దొరుకుతాడు!

అందరూ చెప్పే ఉదాహరణ పింక్ ఫ్లాయిడ్ బృందం 1973లో వెలువరించిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’. ‘టైమ్’ పాట మొదట్లో ఒక్కసారిగా మోగే గడియారాలను ఇంజనీరు ఆలన్ పార్సన్స్ అసలు క్వాడ్ ధ్వనిని పరీక్షించడానికే రికార్డు చేశాడు. తరువాత అవి పాటలోకి వచ్చాయి. ఆ ఏడు ఫిబ్రవరిలో లండన్ ప్లానెటేరియంలో పత్రికలవారికి ఆల్బమును వినిపించే నాటికి క్వాడ్ కూర్పు పూర్తి కాలేదు, స్టీరియోనే వినిపించారు. బృందంలో ఎక్కువమంది అలిగి రానేలేదు. పార్సన్స్ చేసిన క్వాడ్ కూర్పు ఎస్‌క్యూ రికార్డుగా వచ్చింది. 2003లో ఆల్బముకు కొత్త బహుధారా కూర్పు వెలువడినప్పుడు దాన్ని చేసింది జేమ్స్ గత్రీ. పార్సన్స్ పాఠం మళ్ళీ అధికారికంగా వెలుగు చూడడానికి 2011 దాకా ఆగవలసి వచ్చింది. మధ్యలో దాన్ని బతికించింది పాత రికార్డులూ టేపులూ దాచుకున్నవారే. అన్నట్టు, అదే 1973లో ‘ద హూ’ బృందం ‘క్వాడ్రఫీనియా’ అని పేరుపెట్టి తెచ్చిన ఆల్బము స్టీరియోలోనే వచ్చింది. క్వాడ్ కూర్పు కుదరక వదిలేశారు. పేరులోనే ఉంది పెన్నిధి!

అంగడిలో మాత్రం ఈ వేడుక ఎక్కువకాలం సాగలేదు. 1973లో ఎల్విస్ ప్రెస్లీ హవాయి కచేరీ రికార్డు క్వాడ్‌లో వచ్చి అమెరికా పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. అది చూసి భవిష్యత్తు నాలుగు మూలలదే అనుకున్నవారు ఉండే ఉంటారు. కానీ ఒక సంస్థ రికార్డు ఇంకో సంస్థ డీకోడరుతో సరిగా పలకదు, నాలుగు స్పీకర్లకు గదిలో చోటు లేదు, కొనేవాడికి ఓపిక లేదు. 1970ల చివరికి అంతా సద్దుమణిగింది. విషాదమేమంటే, నీరక్షీర వివేకమున్న డీకోడర్లు సరిగ్గా ఆ తరువాతే వచ్చాయి, విడదీయడానికి కొత్త రికార్డులు లేని వేళ. రెండింటిలో నాలుగును దాచే ఉపాయం మాత్రం డాల్బీ స్టీరియో రూపంలో సినిమాహాళ్ళకు వలసపోయి అక్కడ వర్ధిల్లింది.

ఇప్పుడు వీటిని ఏరుకునేవారి అవస్థ చెప్పాలి. సీడీ-4 రికార్డును పూర్వపు యజమాని మొద్దు ముల్లుతో వాయించి ఉంటే ఆ రహస్య లిపి అరిగిపోతుంది. పైకి అద్దంలా మెరుస్తుంది, మామూలు స్టీరియోలో చక్కగా పలుకుతుంది, నాలుగు మూలలకు పంచబోతే బరబరమంటుంది. చెదలు తిన్న తాటాకైతే చూడగానే తెలుస్తుంది, ఇది తెలియదు. కార్ట్రిడ్జిల సంగతి మరీ ఘోరం. లోపలి నురుగు మెత్త పొడిపొడి అవుతుంది, టేపు అతుకు ఊడిపోతుంది. అయినా కొంటారు, అతుకులు వేస్తారు, కంప్యూటరులోకి ఎక్కిస్తారు. 2016లో షికాగో బృందం ఆల్బములు తొమ్మిది తమ పాత క్వాడ్ కూర్పులతో ఒకే పెట్టెలో వచ్చాయి. కొన్ని సంస్థలు అప్పటినుంచి ఇటువంటివి వెలికితీస్తూనే ఉన్నాయి. వెలికిరానివి ఇంకా ఎన్నో.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసినది మైక్ ఓల్డ్‌ఫీల్డ్ ఉదంతం. ఆయన ‘హెర్గెస్ట్ రిడ్జ్’ 1974లో వచ్చి బ్రిటన్‌లో మొదటి స్థానం చేరింది. దాన్ని అక్కడినుంచి దింపింది ఆయనదే ముందటి ఆల్బము ‘ట్యూబులర్ బెల్స్’. ఓల్డ్‌ఫీల్డ్‌కు ఆ కూర్పు నచ్చలేదు. 1976లో తన ఆల్బములన్నిటినీ ‘బాక్స్‌డ్’ పేరుతో నాలుగు రికార్డుల పెట్టెగా, ఎస్‌క్యూ క్వాడ్‌లో తెచ్చినప్పుడు వాటిని తిరిగి కూర్పించాడు. ‘ట్యూబులర్ బెల్స్’ చివర, మొదటి ముద్రణకు ముందే పక్కన పెట్టేసిన వివియన్ స్టాన్‌షల్ తాగిన మాటల వ్యాఖ్యానం ఈ పెట్టెలో మళ్ళీ తలెత్తింది. ‘హెర్గెస్ట్ రిడ్జ్’ విషయంలో ఆయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఇకమీదట ఈ 1976 కూర్పునే ముద్రించాలని పట్టుబట్టాడు. సీడీల కాలం వచ్చాక వచ్చినవన్నీ ఆ కూర్పుతోనే వచ్చాయి. అంటే క్వాడ్ కోసం పుట్టిన పాఠాంతరం మూలపాఠాన్ని మింగేసింది. మొదటి స్థానం చేరిన సంగీతం పాత రికార్డులున్న ఇళ్ళలో తప్ప వినబడకుండా పోయింది.

కవి తానే కొట్టివేసిన పద్యాన్ని పరిష్కర్త ఏం చేయాలి? తరువాతి దిద్దుబాటును గౌరవించాలంటారు కొందరు. లోకం చేతికి ఒకసారి అందినది లోకానిదేనంటారు మరికొందరు. నేను రెండో పక్షం. ఓల్డ్‌ఫీల్డ్ హక్కును కాదనను, కానీ 1974లో ఆ రికార్డు కొన్నవారు విన్నది చరిత్ర. దాన్ని వెనక్కి పిలిచి మార్చడం ఎవరి వల్లా కాదు.

2010లో వచ్చిన కొత్త ముద్రణలో 1974 నాటి కూర్పు మొదటిసారి సీడీ మీదికి ఎక్కింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని, బ్రౌన్ దొరగారి పండితుడిలా కాగితం మీద తేడాలు రాసుకుంటూ ఒక ఆదివారమంతా విన్నాను. కొత్తది తేటగా ఉంది, పొరలు పలచగా ఉన్నాయి. పాతది కిక్కిరిసి ఉంది. నాకు పాతదే నచ్చింది.