పర్లాకిమిడి చిన్న రైలు: చరిత్ర వెతికే దారి



సరిహద్దు జిల్లాలలో కాపురముంటున్న మనకు పర్లాకిమిడి పేరు కొత్తది కాదు. ఆ ఊరి పేరుతో పుట్టి, పెద్ద రైల్వేలలో కలిసిపోయిన ఒక చిన్న రైల్వే గురించి, దాని చరిత్రను వెతకడం ఎలాగన్న దాని గురించి ఈ రోజు నాలుగు మాటలు చెప్పుకుందాం.

దాని పేరు పర్లాకిమిడి లైట్ రైల్వే. పందొమ్మిదో శతాబ్దం చివరి సంవత్సరాలలో తూర్పు తీరం వెంట పెద్ద రైలుమార్గం పడింది. అది నౌపడ మీదుగా పోయింది. పర్లాకిమిడి అక్కడికి 25 మైళ్లు, అంటే 40 కిలోమీటర్ల దూరం. మద్రాసు వెళ్లాలన్నా కలకత్తా వెళ్లాలన్నా ముందు నౌపడ చేరాలి. అప్పటి పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి, ఈ దూరానికి తామే రైలు వేయించాలని తలపెట్టారు. 1898లో ప్రభుత్వ అనుమతి వచ్చింది. 1900 ఏప్రిల్ 1న బండి నడిచింది. ఖర్చు సుమారు 7 లక్షల రూపాయలు.

పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. పెద్ద లైనుకు ఐదున్నర అడుగులు. కాబట్టి చిన్న బండిలో వచ్చిన సరుకును నౌపడలో దించి, పెద్ద బండిలోకి మళ్లీ ఎక్కించవలసిందే. మొదటి పదేళ్లు రాజావారికి నష్టమే మిగిలింది. 1910 తరువాత కొద్దిపాటి లాభం కనిపించింది. 1924-25 తరువాత అది పెరిగింది. ఆ ధైర్యంతోనే 1929, 1931 సంవత్సరాలలో లైను గుణుపూర్ దాకా సాగింది. మొత్తం 90 కిలోమీటర్లు. టెక్కలి, టెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్ మీదుగా వంశధార లోయలోకి ఆ బండి వెళ్లేది.

ఇక కలిసిపోవడం సంగతి. తీరపు లైనులో ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. చిన్న రైలు క్రమంగా ఆ పెద్ద కంపెనీ నీడలోకి చేరింది. 1944లో ఆ కంపెనీనే ప్రభుత్వం తీసుకుంది. 1952లో అది తూర్పు రైల్వేలో భాగమైంది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. 2003లో తూర్పు కోస్తా రైల్వే వచ్చింది. ఒకే పట్టాలు, ఇన్ని బోర్డులు! బోర్డు మారినప్పుడల్లా పాత కాగితాలు ఒక బీరువాలోంచి మరో బీరువాలోకి పోతాయి. చిన్న సంస్థ పేరు పెద్ద నివేదికలో ఒక పంక్తిగా మిగులుతుంది.

దీనికి తోడు మనకు ఇంకొక చిక్కు ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. అంతవరకు గంజాం జిల్లాలో ఉన్న పర్లాకిమిడి ఒరిస్సాకు వెళ్లింది. విశాఖపట్నం జిల్లాలో ఉన్న గుణుపూర్ కూడా అటే వెళ్లింది. నౌపడ, టెక్కలి, పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో నిలిచాయి. పాతపట్నం దాటితే పర్లాకిమిడి. ఆ రెండు స్టేషన్ల నడుమ సరిహద్దు పడింది. బండి మాత్రం ఆగలేదు.

కాబట్టి ఈ రైలు చరిత్ర వెతికేవారు ఒక్క చోట కూర్చుంటే పని జరగదు. 1936కు ముందటి ప్రభుత్వ కాగితాలకు చెన్నైలోని పాత దస్తావేజుల కార్యాలయం చూడాలి. తరువాతి వాటికి భువనేశ్వర్ వెళ్లాలి. కంపెనీ సంగతులకు కలకత్తా గార్డెన్ రీచ్ వైపు చూడాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే ఉండేది. పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. పర్లాకిమిడి, పర్లాకిమెడి, పారలాఖెముండి – ఈ మూడూ ఒక ఊరే. ఒక్క పేరుతో వెతికి, ఏమీ దొరకలేదని పుస్తకం మూసేయకండి. ఆ పాత ఆవిరి ఇంజన్ల తరగతికి పి.ఎల్. అన్న అక్షరాలు నిలిచాయి. అవి పర్లాకిమిడి లైట్ రైల్వే గుర్తులే.

ఇంత శ్రమ ఎందుకని మీరు అడగవచ్చు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయులుగా పనిచేశారు. ఆ ఊరు ఒరిస్సాలో చేరినప్పుడు, 1936లో, వారు రాజమండ్రి వెళ్లిపోయారు. కదలలేని వేలాది తెలుగు కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి. పెళ్లిళ్లకు, చదువులకు, సంతలకు ఇటు రావడానికి వారికి ఈ చిన్న బండి ఒక ఆధారం. రాష్ట్రాల చరిత్రలు సరిహద్దు దగ్గర ఆగిపోతాయి. ఈ బండి చరిత్ర అటూ ఇటూ నడుస్తుంది. అందుకే అది మన చరిత్ర.

1992లో ఆవిరి ఇంజన్లు పోయాయి. 2004లో చిన్న పట్టాలు మూతపడ్డాయి. పెద్ద పట్టాల మీద 2010లో పర్లాకిమిడికి, 2011లో గుణుపూర్‌కు మళ్లీ రైలు వచ్చింది. ప్రయాణం బాగుపడింది, సంతోషమే. కానీ చిన్న బండి ఎక్కినవారి వయసు పెరుగుతోంది. దస్తావేజులు బీరువాలో మరికొన్నేళ్లు ఆగుతాయి. మనుషులు ఆగరు. మీ ఇంట్లో తాతగారో అమ్మమ్మగారో ఉంటే ఒక నోటుపుస్తకం తీసుకుని కూర్చోండి. ఏ స్టేషన్‌లో ఎక్కేవారు, టిక్కెట్టు ఎంత, ఏ సరుకు తెచ్చేవారు, గార్డు ఏ భాషలో పిలిచేవాడు అని అడగండి. తేదీ, ఊరు, చెప్పినవారి పేరు తప్పకుండా రాసుకోండి. ఆ మాటలను కాగితాలతో సరిచూడండి. రెండూ కలిసిన చోట గట్టి చరిత్ర దొరుకుతుంది.