చిన్నమెదడును అడగని ప్రశ్న

మా కమలాపురం బడిలో జీవశాస్త్రం అయ్యవారు మెదడు బొమ్మ గీసి, వెనుక అట్టడుగున ఉన్న ముడతల ముద్దను చూపి "అనుమస్తిష్కం. పని: శరీర సమతాస్థితి" అని వ్రాయించేవారు. ఒక మార్కు ప్రశ్న. ఆ ఒక మార్కు జవాబు మా ఇంట్లో చేసిన పని చెప్పడానికే ఇది వ్రాస్తున్నాను.

మా పెదనాయన నాపరాళ్ళ వ్యాపారి. చదరపుటడుగుల లెక్కలు నోటితోనే తేల్చేవాడు, మాట పొదుపు. చిన్నమెదడులో రక్తనాళం పూడుకున్నాక నడక తూలింది. కొన్ని నెలలకు చాలావరకు కుదురుకుంది. లెక్క మాత్రం మధ్యలో తెగిపోయేది. చావింట నవ్వేవాడు. పెద్దమ్మను నలుగురిలో నోటికొచ్చినట్లు అనేవాడు. దెబ్బ తగిలింది నడకకే గాని బుద్ధికి కాదు గదా, ఇది పొగరే అని బంధువులు తీర్పు చెప్పారు. వారిలో నేనూ ఉన్నాను.

ఆ తీర్పు మూలాన్ని వెదుకుతూ ఫ్రాన్సు దాకా పోవలసి వచ్చింది. పందొమ్మిదవ శతాబ్దం తొలినాళ్ళలో గాల్ అనే వైద్యుడు చిన్నమెదడు కామానికి నెలవన్నాడు. ఫ్లూరాన్స్ పావురాల చిన్నమెదడును పొరలు పొరలుగా తొలగించి చూసి, 1824లో ఫలితాలు ప్రకటించాడు. పక్షికి చూపుంది, వినికిడి ఉంది. నడకలో, ఎగరడంలో పొందిక లేదు. గాల్ ఓడిపోయాడు, న్యాయంగానే. కాని పావురానికి మర్యాద తప్పిందో లేదో ఎవరు కనిపెట్టగలరు?

మొదటి ప్రపంచయుద్ధంలో తూటాలు తగిలిన సైనికులను పరీక్షించి గార్డన్ హోమ్స్ 1917లో వ్రాసిన వ్యాసం వైద్యులకు ప్రమాణమైంది. ఆయన గొప్ప పరిశీలకుడు. అయితే పరిశీలించింది కదలికలను. 1939లో ఆయనే ఒక రోగి మాటను నమోదు చేశాడు: ఎడమచేయి తనంతట తానే పనిచేస్తుందట, దెబ్బతిన్న కుడిచేతికి మాత్రం ప్రతి కదలికనూ ఆలోచించవలసి వస్తుందట. నాకు ఈ ఒక్క వాక్యం వ్యాసమంతటికన్నా విలువైనదిగా తోస్తుంది.

1986లో లైనర్ దంపతులు, డౌ కలిసి చిన్నమెదడుకు ఆలోచనతో పొత్తు ఉండవచ్చునన్నారు. 1994లో మిడిల్టన్, స్ట్రిక్ కోతులలో చిన్నమెదడు నుండి నుదుటి వెనుక భాగానికి పోయే దారిని చూపారు. 1998లో ష్మామన్, షెర్మన్ ఇరవై మంది రోగులను వర్ణించారు: పథకం వేయలేకపోవడం, స్థలజ్ఞానం తగ్గడం, మాటలో రాగం పోవడం, భావాలు మొద్దుబారడం లేదా కట్టు తెంచుకోవడం. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అలాగని చిన్నమెదడే ఆలోచిస్తుందని నేననను. మెదడులోని సుమారు 8600 కోట్ల నాడీకణాలలో దాదాపు 6900 కోట్లు అక్కడే ఉన్నాయని 2009లో లెక్క తేలినా, సంఖ్య సాక్ష్యం కాదు. ఈ లోపాలు చాలామందిలో స్వల్పమే. జబ్బుపడ్డ మనిషి దిగులును కూడా వేరు చేసి చూడాలి. అడుగును సరిదిద్దినట్లే ఆలోచనను, కోపాన్ని కూడా అది సరిదిద్దుతుందన్న ష్మామన్ వాదమే నాకు సబబుగా ఉంది. పెదనాయనను ఆ దృష్టితో ఎవరూ పరీక్షించలేదు గనుక ఆయన విషయం ఖాయంగా చెప్పలేను.

ఆయన పోయాక ఇదంతా పెద్దమ్మకు విడమరచి చెప్పాను. బియ్యంలో రాళ్ళేరుతూ విన్నది.

"అట్లయితే ఆయన నన్నన్న మాటలన్నీ ఆయన అన్నవి కావా నాయనా?" అని అడిగింది.

నేను తడుముకుంటుండగానే చేట ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.