కన్యాశుల్కంలో ఒక బేరం, నటుడికి ఒక పాఠం

విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో నటన నేర్చుకోదలచినవాడికి చాలాకాలం కన్యాశుల్కమే బడి. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు దాన్ని తొలిసారి ఆడారు. 1897లో అది అచ్చయింది. 1909లో గురజాడ తిరగరాసి ఏడంకాలు చేశాడు. అంత నాటకాన్ని ఒక్క రాత్రిలో పూర్తిగా ఆడటం ఎవరికైనా కష్టమే. లుకలాంలో పుట్టిన జె.వి. సోమయాజులు, రమణమూర్తి సోదరులు దాన్ని కుదించి 1950ల నుంచి ఏళ్ల తరబడి ఆడారు. అన్న రామప్పంతులు, తమ్ముడు గిరీశం. అంత శక్తి లేని ఔత్సాహికులు ఒక్కొక్క రంగాన్నే విడదీసి సాధన చేశారు.

ఈ విడదీయడంతో ఒక జాడ్యమూ వచ్చింది. కళాశాల వార్షికోత్సవాల్లో గిరీశం ఏకపాత్రాభినయం చూడనివారుండరు. బొంకులదిబ్బ దగ్గర స్వగతం వరకు సరే, అక్కడతను నిజంగా ఒంటరి. అగ్రహారం చేరాక సంగతి వేరు. వెంకటేశానికి చెబుతున్నట్టు వితంతు వివాహం గురించి దంచే ఉపన్యాసం బుచ్చమ్మ చెవిన పడటానికే. వినే బుచ్చమ్మ లేకపోతే ఆ మాటలకు పనే లేదు. ఎదుటి పాత్ర నుంచి తనకేం కావాలో నటుడు తెలుసుకోవాలంటే ఎదుట మనిషి వుండాలి గదా!

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది కరటకశాస్త్రి శిష్యుణ్ణి ఆడపిల్లగా చూపించి లుబ్ధావధాన్లుకు అంటగట్టే ఘట్టం. కరటకశాస్త్రి నాటకాల్లో విదూషకుడు. ఇక్కడ గుంటూరు శాస్త్రులుగా అవతారమెత్తుతాడు. అంటే నటుడు నటుడి పాత్ర వేస్తూ, ఆ పాత్ర వేసే మరో వేషం కూడా వేయాలి. ప్రేక్షకుడికి మోసం తెలియాలి, కొనేవాడికి తెలియకూడదు. కళింగాంధ్ర కుర్రాడికి ఇంతకన్నా గట్టి పరీక్ష ఏముంటుంది?

అయితే ఈ రంగం నవ్వుతో సరిపోదు. తొలి ముద్రణకు రాసిన ఇంగ్లీషు పీఠికలో గురజాడ కొన్ని లెక్కలిచ్చాడు. నాటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో నమోదైన కన్యాశుల్క వివాహాలు 1034. పెళ్లికూతుళ్లలో ఐదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36. ఏడాది వయసువాళ్లు ముగ్గురు, ఆ పసిగుడ్డుల ధర 350 నుంచి 400 రూపాయలు. నాటకంలో అగ్నిహోత్రావధాన్లు సుబ్బికి కుదుర్చుకున్నది 1800. ఈ జాబితా తెలిసిన నటుడు ఆ అంకెను ఆశ్చర్యంగా పలకడు. సంతలో పశువు ధర చెప్పినంత మామూలుగా పలుకుతాడు. అప్పుడే సభ బిగుసుకుంటుంది.

ఈ రంగం సాధన చేయించినప్పుడల్లా ముందు ఆ లెక్కలు పైకి చదివిస్తాను. లుబ్ధావధాన్లు వేసేవాడు సాధారణంగా చప్పట్ల కోసం గొంతు వణికిస్తూ, నడుం వంచుకుని వస్తాడు. చదివిన మర్నాడు ఆ వణుకు మానేసి, డబ్బు సంచీ మీద చెయ్యి వేసుకుని కూచున్నవాళ్లను చూశాను.